మావారి పందెం, నా పద్దుల పుస్తకం

పురిటికి పిల్ల పుట్టింటికి రావాలి గానీ, పుట్టిల్లే పెట్టె సర్దుకుని పిల్ల దగ్గరికి వెళ్ళాల్సి వస్తుందని మా అమ్మ కాలంలో ఎవరైనా అనుకున్నారా? 2014 మే నెలాఖరులో నేనూ మావారూ ఇంగ్లండులో షెఫీల్డు అనే ఊరు వెళ్ళాం. కాయం, సున్నిపిండి, వెల్లుల్లి కారం, నా పాత మెత్తటి చీరలు నాలుగు... పెట్టె నిండా ఇవే. జూన్ మొదటి వారంలో మనవరాలు పుట్టింది.

షెఫీల్డు ఏడు కొండల మీద కట్టిన ఊరని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఏడుకొండలవాడు లేని ఏడు కొండలేమిటో అనుకున్నాను గానీ, మా అమ్మాయి ఇంటి నుంచి పాల కోసం దుకాణానికి వెళ్ళి వచ్చేసరికి మోకాళ్ళు ఒప్పుకున్నాయి. ఇంకో సంగతి. మన వంటింట్లో తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు ఉందే, దాన్ని 1913లో హారీ బ్రియర్లీ అనే ఆయన చేసింది ఈ ఊళ్ళోనే. మా అల్లుడు ఆ మాట చెప్పగానే నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఏడాది జూలైలో ఆ కొండల మీదకే ‘టూర్ ద ఫ్రాన్స్’ సైకిలు పందెం వచ్చింది. పేరు ఫ్రాన్సుదే అయినా మొదటి మూడు రోజులూ ఇంగ్లండులోనే పెట్టారు. మూడు వారాల పందెం. రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కుతారు. ఏ రోజుకి ఆ రోజు గెలిచినవాడు ఒకడు, అన్ని రోజుల సమయమూ కలిపితే అందరికన్నా ముందున్నవాడు ఒకడు. ఆ ముందున్నవాడికి పసుపు జెర్సీ.

ఆ పసుపు పిచ్చి చూడాలి మీరు! పాత సైకిళ్ళకి పసుపు రంగు వేసి గోడలకీ గేట్లకీ వేలాడదీశారు. గొర్రెలకి కూడా పసుపు పూశారు. హారోగేట్ వైపు ఆడవాళ్ళు ఊలుతో అరచేయంత జెర్సీలు వేలకొద్దీ అల్లి, మన మామిడి తోరణాల్లా వీధి పొడుగునా కట్టారు. ఒక ఊళ్ళో అయితే వాన పడి ఊలు తడిస్తే ఆ బరువుకి దీపస్తంభాలు ఆగవేమోనని అధికారులు కంగారుపడ్డారట. మా అమ్మాయి పక్కింటావిడ నాకూ ఒకటి అల్లి ఇచ్చింది. ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

రెండో రోజు పందెం, జూలై 6 ఆదివారం, యార్క్ నుంచి షెఫీల్డుకి. 201 కిలోమీటర్లు. దారిలో లెక్కకు వచ్చే ఎక్కుళ్ళే తొమ్మిది. ఆఖరిది జెంకిన్ రోడ్డు, సరిగ్గా మా అమ్మాయి వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. ఎనిమిది వందల మీటర్లే, కానీ ఒకచోట ఏటవాలు 33 శాతం. అంటే మూడడుగులు ముందుకి వేస్తే ఒక అడుగు పైకి వెళ్ళినట్టు. అది దాటాక ఇంకో ఐదు కిలోమీటర్లకి గమ్యం.

మా అల్లుడు ఆఫీసులో ఎవరు గెలుస్తారోనని తలా రెండు పౌండ్లు వేసుకుని, పేర్లు చీటీల మీద రాసి టోపీలోంచి తీశారు. ఎవరి చీటీలో పేరు గెలిస్తే వాళ్ళకి మొత్తం డబ్బు. మనం పేరంటంలో ఆడే తంబోలా లాంటిదేలెమ్మని నేనూ నవ్వాను. కానీ శుక్రవారం సాయంత్రం అల్లుడు ఇంకో మాట అన్నాడు. “మామయ్యగారూ, రేపు బెట్టింగ్ షాపుకి వెళ్ళి నా మాటగా ఒక ఐదు పౌండ్లు కూడా పెడదామనుకుంటున్నాను. వస్తారా?”

అక్కడ అది నేరం కాదు. రొట్టెల దుకాణం పక్కనే బెట్టింగ్ షాపు ఉంటుంది. మనం మందుల షాపుకి వెళ్ళినట్టు వెళ్ళివస్తారు. (మన దగ్గర డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో చట్టమే వచ్చింది.)

మావారు “వస్తాను” అన్నారు. ఆ ఒక్క మాటకే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

మావారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆ రాత్రి అల్లుడు భోజనాల బల్ల మీద దారి పటం పరిచాడు. నేను పసిదాన్ని ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, వినడానికి బాగానే ఉంది. చదును నేల మీద పందెమైతే గుంపంతా కలిసి వచ్చి, ఆఖరి రెండు వందల మీటర్లలో బాగా దూసుకుపోయేవాడు గెలుస్తాడట. అలాంటివాళ్ళు నలుగురైదుగురే. పెద్ద పర్వతాల మీదైతే బక్కపలచని కొండవీరులు గెలుస్తారు. వాళ్ళూ నలుగురైదుగురే. ఇలా అటూ ఇటూ కాని చిన్న కొండల దారిలోనే తంటా. బరువుగా ఉండేవాళ్ళు తొమ్మిది ఎక్కుళ్ళకి అలిసిపోతారు. కొండవీరులకి తేడా చూపించేంత పెద్ద కొండ దొరకదు. పాతిక ముప్ఫైమందిలో ఎవరైనా గెలవొచ్చు. ఎవరైనా గెలవొచ్చు కాబట్టి ఒకటికి ఇన్నింతలు అని బుకీ ఇచ్చే రేటు కూడా పెద్దగా ఉంటుంది. అసలు ఎర ఆ పెద్ద రేటే.

అల్లుడు స్లొవేకియా కుర్రాడు పీటర్ సాగన్ పేరు చెప్పాడు. కొండా ఎక్కగలడు, చివర్లో దూసుకూపోగలడు. చాలామంది మాటా అదే. ఆస్ట్రేలియా అతను సైమన్ గెరాన్స్ పేరు కూడా గట్టిగానే వినిపించింది. ఇలాంటి కొండల పందెమే, లియేజ్-బాస్టోన్-లియేజ్, ఆ ఏప్రిల్‌లోనే గెలిచాడు. మావారు కళ్ళజోడు తుడుచుకుని, కూరగాయల బిల్లు వెనక ఏదో రాసుకుంటూ కూర్చున్నారు.

“ఇందులో బుకీకి ఏం మిగులుతుంది?” అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

దానికి ఆయన చెప్పిన లెక్క మీకూ చెబుతాను. వంటింటి పద్దు రాసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ముగ్గురు మనుషులు పరుగెత్తుతున్నారు, ముగ్గురూ సమానమే అనుకోండి. న్యాయంగా అయితే వంద పెట్టి గెలిచినవాడికి వందకి రెండు వందలు లాభం ఇవ్వాలి. అంటే అసలుతో మూడు వందలు. బుకీ అలా ఇవ్వడు. వందకి నూటయాభై అంటాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ముగ్గురి మీదా తలా వంద చొప్పున మూడు వందలు పెట్టి చూడండి. గెలిచేది ఒకడే కాబట్టి చేతికి వచ్చేది అసలూ లాభమూ కలిపి రెండు వందల యాభై. ఆ యాభై ఎటు పోయింది? చీటీపాటలో చీటీ నడిపేవాడు కమీషన్ ముందే తీసుకున్నట్టు, వాడు ముందే తీసేసుకున్నాడు. ఎవరు గెలిచినా వాడికి పోయేదేమీ లేదు.

“ఇంత తెలిసీ జనం పెడతారా?” అన్నాను.

“లెక్క రానివాళ్ళు పెడతారోయ్,” అన్నారు మావారు, బిల్లు మీంచి తల ఎత్తకుండానే.

నేనేమీ అనలేదు. లెక్క వచ్చినవాళ్ళు పెట్టడం నేను చూశాను.

1986 సంక్రాంతి నాటి మాట. అమ్మాయికి ఏడాది నిండలేదు. మావారికి కొత్తగా క్లబ్బు అలవాటైంది, పేకాట. మొదటి నెలలోనే గెలిచారు. ఎంతో నాకు చెప్పలేదు గానీ, ఒకరోజు సాయంత్రం చిలకాకుపచ్చ వెంకటగిరి చీర, సన్నటి జరీ అంచుది, తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆ జీతానికి ఆ చీర రాదని నాకు తెలుసు. ఎక్కడిదండీ అని అడిగాను కూడా. “ఊరికే,” అన్నారు. నేను కట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఎదురింటావిడకి చూపించాను. వచ్చే నెల ఇంకో రంగు తెస్తారేమోనని ఆశపడ్డానంటే మీరు నవ్వకండి.

ఉగాది నాటికి నా చేతుల నాలుగు గాజులూ “పాలిష్‌కి” వెళ్ళాయి. మా అమ్మ పెళ్ళికి పెట్టినవి. అవి తాకట్టు కొట్టుకి వెళ్ళాయని మూడు నెలల తర్వాత తెలిసింది. తిరిగి రాలేదు. ఆ రోజు నేను అరవలేదు, ఏడవలేదు. పసిదాన్ని ఎత్తుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఆయన పేక పట్టడం మానేశారు. మళ్ళీ ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. అమ్మాయికి కూడా తెలియదు. చిన్నప్పుడు “అమ్మా, నీకు బంగారు గాజులు లేవేం?” అని అడిగితే, గాజులు గరగరలాడితే వంట చేసుకోలేనని చెప్పాను.

అందుకే ఆ శుక్రవారం రాత్రి కూరగాయల బిల్లు మీద వంగిన ఆయన కళ్ళలో మెరుపు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా దాన్ని గుర్తుపట్టాను.

శనివారం అల్లుడు ఐదు పౌండ్లు సాగన్ మీద పెట్టి వచ్చాడు. మావారు వెంట వెళ్ళారు, ఊరికే చూసి వచ్చారు. మధ్యాహ్నం టీవీలో మొదటి రోజు పందెం. హేర్‌వుడ్ భవనం దగ్గర యువరాణి కేట్ రిబ్బను కత్తిరించింది. హారోగేట్‌లో గమ్యం ఇంకా కొద్ది మీటర్లు ఉందనగా ఇంగ్లండు వాళ్ళ ముద్దుల వీరుడు మార్క్ కావెండిష్ పడిపోయాడు. ఆ ఊరు వాళ్ళమ్మ పుట్టిన ఊరు. కన్నతల్లి ఊళ్ళో గెలవాలని ఎంత అనుకున్నాడో ఏమో, భుజం పట్టుకుని కూర్చున్న ఆ అబ్బాయి మొహం చూస్తే ఎవరి తల్లికైనా ప్రాణం విలవిల్లాడుతుంది. మర్నాడు బరిలోకే దిగలేదు. అతనితో పాటు కింద పడ్డది ఎవరో తెలుసా? ముందు రాత్రి మా బల్ల మీద పేరున్న గెరాన్స్. ఒక్క క్షణంలో ఎంతమంది లెక్కలు కొట్టుకుపోయాయో!

మావారు మాత్రం బిల్లు మీద గెరాన్స్ పేరు కొట్టేసి, చల్లగా, “నిబాలీ,” అన్నారు.

విన్చెంజో నిబాలీ ఇటలీ వాడు, సిసిలీ ద్వీపంలో పుట్టినవాడు. అతన్ని సొరచేప అంటారట. అంతకుముందే స్పెయిన్ పందెమూ ఇటలీ పందెమూ గెలిచిన ఘనుడు. “అతను మూడు వారాల పందేల మనిషి మామయ్యగారూ, రెండో రోజే ఎందుకు ఒళ్ళు అలవగొట్టుకుంటాడు?” అన్నాడు అల్లుడు.

మావారు తన పల్లెటూరి తెలివి తీశారు. “ఊళ్ళో ఇద్దరు మోతుబరులు తగువు పడితే ఏమవుతుంది? వాళ్ళ కళ్ళు ఒకరి మీద ఒకరికే ఉంటాయి. మూడోవాడు గట్టు జరుపుకుంటాడు. ఇక్కడ ఫ్రూమూ కాంటడోరూ ఆ ఇద్దరు మోతుబరులు.” తర్వాత లెక్క. సైకిలు మీద ముందున్నవాడే గాలిని చీల్చాలి. వెనకవాడు ఆ చాటున తక్కువ శ్రమతో వస్తాడు. అందుకే ఒంటరిగా పారిపోయినవాణ్ణి గుంపు పట్టేసుకుంటుంది. కానీ తొమ్మిది ఎక్కుళ్ళు ఎక్కాక గుంపులో నాయకులే తప్ప, వాళ్ళకోసం గాలి మోసే సహాయకులు పెద్దగా మిగలరు. అప్పుడు ఒకడు పారిపోతే వెంటపడేదెవరు? నేను తరిమితే నా చాటున వచ్చినవాడు గెలుస్తాడని ప్రతివాడూ పక్కవాడి మొహం చూస్తాడు. ఆ చూసుకునే పది సెకండ్లు చాలు.

మాట వరసకి చెబుతున్నాను గానీ, నాకు ఆ క్షణాన ఆయన మీద గర్వంగా కూడా అనిపించింది. క్లాసులో ఇలాగే చెప్పేవారేమో!

ఆదివారం పొద్దున బాలింతకి పథ్యం వండుతుంటే వంటింట్లోకి వచ్చారు. “ఏమోయ్, ఇరవై పౌండ్లు ఉన్నాయా?”

“దేనికి?”

“ఊరికే.”

అదే మాట. సరుకులకని అల్లుడు ఇచ్చిన డబ్బు నా పర్సులో ఉంది. ఇరవై ఏమిటి, వంద ఉన్నాయి. నేను స్టవ్ మీంచి కళ్ళు తిప్పకుండా, “లేవు,” అన్నాను. ఆయన ఇంకా కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయారు. హాల్లో అమ్మాయి విన్నట్టుంది, “ఏంటమ్మా, పాపం నాన్న ఇరవై పౌండ్లు అడిగితే... నువ్వు మరీ పిసినారివమ్మా!” అంది. నేను సమాధానం చెప్పలేదు.

పసిపిల్లనూ బాలింతనూ ఆ జనంలోకి తీసుకెళ్ళడానికి నేను ఒప్పుకోలేదు. వాళ్ళని టీవీ ముందు కూర్చోబెట్టి మేం ముగ్గురం జెంకిన్ రోడ్డుకి నడిచాం. ఆ రోడ్డు ఎక్కుతుంటేనే నాకు ఆయాసం. పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంది, దాని మీద కూడా జనమే. ముసలమ్మలు ఇంటి ముందు కుర్చీలు వేసుకుని, సాండ్‌విచ్‌లు చేసి దారిన పోయేవాళ్ళకి పెడుతున్నారు. రేసు కంటే చాలాసేపు ముందు బళ్ళ ఊరేగింపు వచ్చింది. కంపెనీల వాళ్ళు టోపీలు, తీపి బిళ్ళలు, తాళంచెవి గొలుసులు విసురుతూ పోయారు. అరవై ఏళ్ళ దగ్గర పడ్డ నేను ఒక టోపీ కోసం పక్క మనిషిని మోచేత్తో నెట్టానంటే నమ్ముతారా!

తర్వాత హెలికాప్టరు. తర్వాత వాళ్ళు. అంత నిట్టనిలువు ఎక్కుడులోనూ మాకు చేతికందేంత దగ్గర్లోంచి వెళ్ళారు. మొహాలు ఉప్పుదేరి తెల్లగా ఉన్నాయి. ఒకడి నోటి వెంట చొంగ కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేడు. టీవీలో కనిపించని సంగతి వాళ్ళ ఊపిరి చప్పుడు. ఒక్క నిమిషంలో ముందు గుంపు మాయం. మావారు మనుషుల్ని చూడటం లేదు. పెదాలతో లెక్క పెట్టుకుంటున్నారు. “సహాయకులు లేరు, చూశావా? లేరు,” అన్నారు నా చెయ్యి పట్టుకుని.

ఎవరో ఫోనులో చూసి పేరు అరిచారు. నిబాలీ! ఆఖరి రెండు కిలోమీటర్ల లోపల ఒక్కడే విడివడి పారిపోయాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండే రెండు సెకండ్ల తేడాతో గెలిచాడు. పసుపు జెర్సీ కూడా అతనికే.

అల్లుడు మామగార్ని ఎత్తుకున్నంత పని చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి “మా మామగారు ముందే చెప్పారు!” అని చెప్పాడు. ముక్కూ మొహం తెలియని ఇంగ్లీషు పెద్దమనిషి ఒకాయన మావారికి చెయ్యి కలిపాడు. మావారు నవ్వారు. నవ్వి, నా వైపు చూశారు. ఆ చూపు చెప్పడం నాకు రాదు.

ఆ సాయంత్రం అల్లుడు ఐదు పౌండ్లు పోగొట్టుకుని, గోంగూర పచ్చడితో రెండు మార్లు వడ్డించుకుని తిని, పసిదాన్ని ఆడించి హాయిగా నిద్రపోయాడు. మావారు పైసా పోగొట్టుకోలేదు. ఆయనకి నిద్ర లేదు. రాత్రి ఒంటిగంటకి పాలు కలపడానికి లేస్తే హాల్లో దీపం. అదే కూరగాయల బిల్లు. ఇరవై పెట్టి ఉంటే ఎంత, యాభై పెట్టి ఉంటే ఎంత, వంద పెట్టి ఉంటే ఎంత... కింద గీత గీసి రూపాయల్లోకి మార్చి కూడా చూశారు.

“పోయింది,” అన్నారు నన్ను చూసి.

పెట్టని డబ్బు ఎలా పోతుంది చెప్పండి? కానీ ఆయనకి నిజంగానే పోయింది. నాకు అప్పుడు తెలిసింది నేను భయపడింది దేనికో. ఓడిపోయి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు. గెలిచారు. 1986లో కూడా ముందు గెలిచారు. ఆ గెలిచిన చీర కట్టుకుని ఎదురింటికి వెళ్ళింది ఎవరు? నేనే కదా!

దెబ్బలాడదామనుకుని కూడా, నోరు రాక, నా పద్దుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. ముందు పేజీల్లో పాలు, పెరుగు, డైపర్లు; వెనక నుంచి కాయం కొలతలు. మధ్యలో ఒక తెల్ల పేజీ తీసి, “ఇదిగో, రోజుకి ఇరవై పౌండ్లు ఇస్తున్నాను. ఇందులో పెట్టండి. ఇవాళ్టిది కూడా రాసుకోండి, గెలిచినట్టే. ఆఖరి రోజు చూద్దాం,” అన్నాను.

“కాగితం మీదా?”

“కాగితం మీదే.”

లెక్కల మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి! రోజూ పొద్దున అల్లుడి ఫోనులో రేట్లు చూసి, పేరు, రేటు, తేదీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. రాత్రి నేను కూడిక సరిచూసి సంతకం పెట్టేదాన్ని. సోమవారం లండన్‌లో కిట్టెల్ అని రాశారు, గెలిచాడు. ఇంకేం, మనిషి నేల మీద లేరు. పేజీ పైన పెద్ద అక్షరాలతో ‘మొత్తం పందెం విజేత: ఫ్రూమ్’ అని రాసి రెండు గీతలు గీశారు. నిబాలీ కదా పసుపు జెర్సీలో ఉన్నాడు అంటే, “అది తాత్కాలికం. నిరుటి విజేత ఫ్రూమే. పెద్ద పర్వతాలు రానీ,” అన్నారు.

మంగళవారం ఫ్రూమ్ పడ్డాడు. బుధవారం, 9వ తారీఖున, వానలో, గతుకుల రాళ్ళ బాట ఇంకా రాకముందే రెండుసార్లు పడ్డాడు. లేచి, కుంటుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు. తర్వాతి సోమవారం రెండో మోతుబరి కాంటడోర్ కూడా పడి, కాలు దెబ్బతిని ఇంటిదారి పట్టాడు. పర్వతాలు రానే వచ్చాయి గానీ మోతుబరులే లేరు.

ఇక సాగన్ సంగతి. ఎక్కడ కాస్త ఎత్తుపల్లాలుంటే అక్కడ మావారు సాగన్ అని రాశారు. ఆరుసార్లు. ఆ ఏడాది ఆ అబ్బాయి ఎప్పుడూ ముందు వరసలోనే ఉండి, పాయింట్లన్నీ కూడబెట్టి ఆకుపచ్చ జెర్సీ తెచ్చుకున్నాడు. కానీ ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా గెలవలేదు! “ఈ కుర్రాడు నా నూట ఇరవై పౌండ్లు తిన్నాడు,” అని మావారు భోజనాల దగ్గర తిట్టిపోస్తుంటే అమ్మాయి పడీపడీ నవ్వేది.

జూలై 27, పారిస్. చివరి రోజు. నిబాలీయే మొత్తం పందెం గెలిచాడు, రెండో అతనికన్నా ఏడున్నర నిమిషాలు పైగా ముందు. ఆ రాత్రి పద్దు మూసే పని పెట్టుకున్నాం. ఇరవై రోజులు, నాలుగు వందల పౌండ్లు. పేరు సరిగ్గా తగిలింది నాలుగే రోజులు: షెఫీల్డు, లండన్, ఉటకామ్ కొండ మీద మళ్ళీ నిబాలీ, ఒంటరి పందెంలో టోనీ మార్టిన్. షెఫీల్డు పెద్ద రేటు పుణ్యమా అని మరీ అంతగా మునగలేదు. తరుగు అరవై రెండు పౌండ్లు.

“ఓస్, అంతేనా! మూడు వారాల సరదాకి అరవై రెండంటే సినిమా ఖర్చు కన్నా తక్కువ అత్తయ్యగారూ,” అన్నాడు అల్లుడు. తప్పేం కాదు. అతని లెక్కకి అతను ఐదు పౌండ్ల మనిషి. నాకు చెప్పడానికేమీ దొరకలేదు. ఓడిపోయింది నా పుస్తకమేనేమో అనుకున్నాను.

మావారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అరవై రెండు కాదు బాబూ,” అన్నారు. “ఈ పుస్తకంలో రోజుకి ఇరవై మించి ఇవ్వలేదు మీ అత్తయ్య. అసలు డబ్బయితే నేను షెఫీల్డు గెలిచాక ఇరవై దగ్గర ఆగేవాణ్ణా? సోమవారం లండన్ కూడా గెలిచానే! చేతిలో ఉన్నదంతా తీసుకెళ్ళి ఫ్రూమ్ మీద పెట్టేవాణ్ణి. బుధవారానికి అప్పు చేసేవాణ్ణి.” కాసేపు ఆగారు. “నా సంగతి నాకు తెలుసు. మీ అత్తయ్యకి ఇంకా బాగా తెలుసు.”

అమ్మాయి నవ్వు ఆపింది. ఆయన దాని వైపు తిరిగి, నేను ఇరవై ఎనిమిదేళ్ళు నోరు విప్పని ఆ కథ, క్లబ్బూ, గెలుపూ, గాజులూ, తాకట్టు కొట్టూ, ఒక్కటీ దాచకుండా చెప్పారు. పాలిష్‌కి ఇచ్చానని అబద్ధం చెప్పిన మాట కూడా. మధ్యలో నేను “ఇప్పుడెందుకండీ అవన్నీ” అంటే వినలేదు.

అమ్మాయి చాలాసేపు నా చేతుల వంకే చూసింది. “గరగరలాడతాయని అన్నావు కదమ్మా,” అంది చివరికి.

“ఆడేవి కూడా,” అన్నాను.

నేను ఆ చీర సంగతి కూడా చెప్పాను. అది చెప్పకపోతే ఆయన ఒక్కరే దోషి అవుతారు. ఎదురింటావిడకి చూపించి వచ్చిన సంగతి, ఇంకో రంగు కోసం ఎదురుచూసిన సంగతి. మావారు ఆశ్చర్యపోయారు. ఆ మాట ఆయనకీ తెలియదు.

“ఇంతకీ ఆ చీరేదీ? ఉందా ఇంకా?” అన్నారు.

“పసిపిల్లకి మెత్తగా ఉంటుందని నాలుగు పాత చీరలు తెచ్చాను కదా. మీ మనవరాలు పడుకున్నది దేని మీదనుకున్నారు?”

ముగ్గురూ ఉయ్యాల్లోకి తొంగిచూశారు. చిలకాకుపచ్చ ఎప్పుడో వెలిసిపోయింది గానీ జరీ అంచు ఇంకా తెలుస్తోంది. మా మనవరాలు కళ్ళు విప్పి వాళ్ళ తాతగారిని చూసి, తీరిగ్గా దాన్ని తడిపేసింది.